బండి ముచ్చట్లు: పళ్లచక్రమూ పొగగొట్టమూ

కడత్తూరు నుంచి ఈ నెల మాకొక ఉత్తరం వచ్చింది. వ్రాసినవారు ఒక తండ్రి. కుమారునికి చదువు ముగిసి ధర్మపురిలో ఉద్యోగం దొరికిందట. వాడిన మోటారు సైకిలు ఒకటి కొన్నారట. రోజూ రానూ పోనూ దాని మీదనే. ఇప్పుడు కుర్రవాడు, "నాయనా, ముందరి పళ్లచక్రం మార్చి, సైలెన్సరు కూడా వేరేది వేయిస్తే బండి గాలిలో తేలిపోతుంది, పైగా పెట్రోలు మిగులుతుంది" అంటున్నాడట. అందుకు ఎనిమిది వేలు కావాలన్నాడట. "ఇవ్వమంటారా, వద్దంటారా? ఒక్క మాటలో చెప్పండి" అని ఆయన అడిగారు. ఒక్క మాటలో చెప్పడం మాకు చేతనైతే ఈ శీర్షికకు నెల నెలా ఇన్ని పేజీలు ఎందుకిస్తారు!

అయినా అడిగిన సంగతి చిన్నదేమీ కాదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో మనవారి ఇళ్లలో ఈనాడు బండి లేని వాకిలి లేదు. ధర్మపురి 1965లో సేలం నుంచి విడివడి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి దాని నుంచి విడివడింది. జిల్లాలు ఎన్ని చీలినా దారులు మాత్రం అవే గుట్టలెక్కి అవే గుట్టలు దిగుతున్నాయి. కడత్తూరు వారికి రైలు కావాలంటే బొమ్మిడికో మొరప్పూరుకో పోవాలి. తక్కిన పనులన్నీ చక్రాల మీదనే. కాబట్టి ఆ చక్రాలకు బలం ఎలా అందుతున్నదో, పొగ ఎలా బయటపడుతున్నదో ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి.

మొదట పళ్లచక్రం సంగతి చూద్దాం. ఇంజనులో పుట్టిన తిప్పుడు వెనక చక్రానికి చేరేలోగా మూడు మజిలీలు దాటుతుంది. క్రాంకు నుంచి క్లచ్చికి పోయేది మొదటిది, గేరుపెట్టె రెండవది, గొలుసు మూడవది. మొదటి రెండూ నూనెలో మునిగి, పెట్టె లోపల ఉంటాయి. వాటిని ముట్టుకోవాలంటే ఇంజను విప్పాలి. మూడవది బయట ఉంటుంది. నాలుగు బోల్టులు విప్పితే చేతికి వస్తుంది. అందుకే కుర్రకారు చేతులన్నీ దాని మీదికి పోతాయి.

లెక్క చాలా సులభం. ముందరి చక్రానికి 14 పళ్లు, వెనక చక్రానికి 42 పళ్లు ఉన్నవనుకోండి. ముందరిది మూడు చుట్లు తిరిగితే వెనకది ఒక చుట్టు తిరుగుతుంది. ముందరిది 14 తీసి 15 వేస్తే, మూడు చుట్లు కాస్తా 2.8 అవుతాయి. అంటే అదే వేగానికి ఇంజను సుమారు వందకు ఏడు వంతులు తక్కువ తిరిగితే చాలు. నిమిషానికి 5,000 చుట్లు తిరిగే చోట 4,670 దరిదాపున తిరుగుతుంది. శబ్దం తగ్గుతుంది, హాండిలు అదురు తగ్గుతుంది. కుర్రవాడు చెప్పినదాంట్లో ఇంతవరకు నిజమే.

కాని ఉప్పు ఎంత తగ్గితే రుచి అంత తగ్గినట్టు, చుట్లు ఎంత తగ్గినవో లాగుడు కూడా అంతే తగ్గింది. ఇంజనులోని బలం పెరగలేదు గదా! సేలం నుంచి యేర్కాడుకు ఇరవై కొండమలుపులు ఉన్నాయి. సిత్తేరి కొండల దారి గాని, వత్తల్మలై దారి గాని ఎక్కినవారికి మేము చెప్పనక్కరలేదు. అంతకు ముందు మూడవ గేరులో ఎక్కిన మలుపు ఇప్పుడు రెండవ గేరు అడుగుతుంది. వెనక ఇల్లాలు, ముందు పిల్లవాడు, పక్కన టమాటాల బుట్ట ఉంటే మరీని. గేరు తగ్గించి ఇంజను ఎక్కువ తిప్పితే మిగిలిందనుకున్న పెట్రోలు అక్కడే ఆవిరి.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. ముందరి చక్రానికి పళ్లు పెరిగితే మొదటి గేరు కూడా పొడుగవుతుంది. బస్టాండు దగ్గర, సంత దగ్గర, వేగనిరోధకం దగ్గర నిలిచి నిలిచి కదిలే బండికి ప్రతిసారీ క్లచ్చి ఎక్కువసేపు జారాలి. జారిన క్లచ్చి కాలుతుంది. నున్నని జాతీయ రహదారి మీద ఒకే వేగంతో రోజుకు వంద కిలోమీటర్లు పోయేవానికి ఆ ఒక్క పన్ను లాభమేమో; కడత్తూరు వీధుల్లో తిరిగేవానికి క్లచ్చి పలకల ఖర్చే మిగులుతుంది.

కొందరు దీనికి తలకిందులుగా ముందర 13 పళ్లు వేయిస్తారు. అప్పుడు లాగుడు వందకు ఎనిమిది వంతుల దాకా పెరుగుతుంది. తోట నుంచి బరువు మోసే బండికి అది న్యాయమే. కాని చిన్న చక్రం చుట్టూ గొలుసు మరీ వంగి తిరగాలి. గొలుసూ అరుగుతుంది, చక్రమూ అరుగుతుంది. రహదారి మీద ఇంజను రోదన సరేసరి.

వేగం చూపే ముల్లు ముందు చక్రం నుంచి నడిచే బండి అయితే ఈ మార్పుతో దానికి పని లేదు. గేరుపెట్టె నుంచి నడిచే బండి అయితే ముల్లు అబద్ధమాడుతుంది. 15 పళ్లు వేసినప్పుడు ముల్లు 60 చూపితే బండి నిజంగా 64 మీద ఉంటుంది. కిలోమీటర్ల లెక్క కూడా తప్పే. "మైలేజి పెరిగింది, పడిపోయింది" అని చెప్పే కథలలో సగం ఈ తప్పు లెక్కల నుంచి పుట్టినవే అని మా అనుమానం.

గొలుసు గురించి రెండు మాటలు. దాని మీద 428 అనో 520 అనో అంకెలు పోసి ఉంటాయి. మొదటి అంకె ఒక ముడి నుంచి మరొక ముడికి దూరం, అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన. 4 అంటే నాలుగు ఎనిమిదో వంతులు, అరంగుళం. 5 అంటే అంగుళంలో ఐదు ఎనిమిదో వంతులు. తక్కిన రెండు అంకెలు వెడల్పును చెబుతాయి. 428 చక్రం మీద 520 గొలుసు కూర్చోదు. చక్రాలు పాతవి ఉంచి గొలుసు ఒక్కటే కొత్తది వేయడం దండుగ. అరిగిన పళ్లు కొక్కెంలాగా ఒక పక్కకు వంగి ఉంటాయి. అవి కొత్త గొలుసును కొద్ది నెలలలోనే తమలాగా చేసుకుంటాయి. వెనక చక్రం వెనుక వైపున గొలుసును వేళ్లతో పట్టి లాగి చూడండి. గొలుసు లేచి పన్నులో సగం కనబడితే మూడింటికీ కాలం తీరినట్టే. మార్చేటప్పుడు ముందరి చక్రం, వెనక చక్రం, గొలుసు మూడూ ఒక జతగానే మార్చాలి.

గొలుసు కలిపే క్లిప్పుకు ఒక నోరు ఉంటుంది. ఆ తెరిచిన నోరు గొలుసు పరుగెత్తే దిక్కుకు వెనక్కు ఉండాలి, ముందుకు కాదు. ముందుకు పెడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది. ఊడిన గొలుసు వెనక చక్రాన్ని బిగపట్టేసిందా, ఇక మనిషి సంగతి చెప్పనక్కరలేదు. షెడ్డులో పిల్లవాడు క్లిప్పు వేస్తుంటే పక్కన నిలబడి ఈ ఒక్కటి చూసుకుంటే ఎనిమిది వేల కంటే ఎక్కువ మిగిల్చినట్టు. గొలుసు వదులు చాలా బళ్లకు రెండున్నర, మూడు సెంటీమీటర్లు. మీ బండి పుస్తకంలో ఏమి ఉంటే అదే ప్రమాణం. బిగువుగా ఉంటే బాగుంటుందనుకోకండి. మనుషులు ఎక్కి బండి కిందికి కుంగినప్పుడు గొలుసు ఇంకా బిగుస్తుంది. గేరుపెట్టె బేరింగు దానికి బలి.

క్లచ్చి పలకలు మార్చేవారికి: కొత్త పలకలను బిగించే ముందు ఇంజను నూనెలో నాననివ్వాలి. కార్లకు పోసే నూనె బాగా నున్నగా ఉంటుందని మోటారు సైకిలుకు పోస్తే పలకలు జారతాయి. డబ్బా మీద 'జాసో ఎం.ఏ.' అనే గుర్తు ఉన్నదో లేదో చూసి కొనండి. ఎం.బి. అని ఉంటే అది నూనెలో మునిగే క్లచ్చికి పనికిరాదు.

ఇక్కడ లారీల వారికి కూడా ఒక మాట. మన సంఘంలో లారీలున్న కుటుంబాలు తక్కువేమీ కాదు. వెనక ఇరుసులోని క్రౌను, పినియను మార్చి పొడుగు గేరు వేయిస్తే డీజిలు మిగులుతుందని సంకగిరి, నామక్కల్లు వైపు చెప్పుకుంటారు. బల్లపరుపు దారిలో కొంత మిగలవచ్చు. కాని ధర్మపురి నుంచి సేలం పోయే 44వ నెంబరు రహదారి మీద తొప్పూరు దిగుడు ఉన్నది. అక్కడ బండిని పట్టి ఆపేది బ్రేకు ఒక్కటే కాదు, చిన్న గేరులో వెనక్కు లాగే ఇంజను. పొడుగు ఇరుసు వేస్తే ఆ వెనక్కు లాగుడు కూడా తగ్గుతుంది. మిగిలిన బరువంతా బ్రేకుల మీద పడుతుంది. అవి కాగి పట్టు వదిలేస్తాయి. ఇక న్యూట్రలులో దింపేవారి సంగతి ఏమని చెప్పాలి! 2020 డిసెంబరులో అదే దిగుడులో పట్టు తప్పిన లారీ ఒకటి ముందు నిలిచిన బళ్లను వరుసగా గుద్దుకుంటూ పోయింది, నలుగురు చనిపోయారు. 2024 జనవరిలో మళ్లీ అక్కడే మరొక ఘోరం. లారీకి పొగగొట్టంలో ఒక రెక్క మూసుకొని ఇంజనును బిగపట్టే ఎగ్జాస్టు బ్రేకు ఉంటుంది. "అది పట్టుకుంటోంది, తీసిపారెయ్యి" అని తీయించినవారిని మేమెరుగుదుము. పట్టుకోవడమే దాని పని గదా!

ఇక సైలెన్సరు. తమాషా ఏమిటంటే, పేరులోనే మౌనం ఉన్న వస్తువును శబ్దం కోసం కొంటున్నారు. లోపల ఏమున్నదో చూసినవారు తక్కువ. ఒకదాని తర్వాత ఒకటిగా గదులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. ఇంజను వదిలిన పొగ అలలు అలలుగా వచ్చి ఆ గదులలో ఒకదానినొకటి కొట్టుకొని చల్లారుతుంది. ఆ గదులు తీసేసి నేరుగా ఒక గొట్టం, చుట్టూ కొంత గాజుదూది పెట్టినదే బజారులో అమ్మే 'ఫ్రీ ఫ్లో'. పొగ సులభంగా పోతుంది, నిజం. దానివల్ల ఇంజను బాగా తిరిగినప్పుడు కొంచెం బలం వస్తే రావచ్చు. చిన్న ఇంజనుకు ఆ కొంచెం ఎంతో ఎవరికీ కనబడదు. తక్కువ వేగంలో మాత్రం లాగుడు తగ్గడం అందరికీ కనబడుతుంది. చెవికి వినబడేదంతా బలం అని కుర్రవాళ్లు నమ్ముతున్నారు. పిడుగు శబ్దమూ పెద్దదే, దానితో పిండి మర నడవదు.

యమహా ఆర్.ఎక్స్. 100 బండి 1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారయింది. మైసూరులో జావా, యెజ్డీ తయారయ్యేవి. అవి రెండు తన్నుల ఇంజనులు. వాటి పొగగొట్టం ఆకారం ఇంజనుతో పాటు పనిచేస్తుంది. అందులో అల వెనక్కు తిరిగి వచ్చి, కాలని పెట్రోలు బయటికి పోకుండా లోపలికి తోస్తుంది. అలాటి గొట్టాన్ని కోసి కుదిస్తే బలం పెరగడానికి బదులు పోతుంది. ఆ బళ్లను ముద్దుగా చూసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. వారు అసలు గొట్టం కోసం ఊరూరా వెదకడం ఇందుకే.

కొత్త బండి సంగతి వేరు. 2020 ఏప్రిలు 1 నుంచి మన దేశంలో బి.ఎస్.6 నియమాలు వచ్చాయి. అప్పటినుంచి మోటారు సైకిళ్లకు కూడా పెట్రోలును కొలిచి చిమ్మే యంత్రం, పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో చూసే ఒక మొన, పొగను శుద్ధిచేసే ఒక తేనెపట్టు వంటి దిమ్మ వచ్చాయి. ఆ మొన చెప్పినదాన్ని బట్టి యంత్రం పెట్రోలు హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. బజారు గొట్టానికి ఆ మొన కూర్చునే మర ఉండకపోవచ్చు. ఉన్నా, అతుకు దగ్గర సన్నని సందు ఉంటే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. మొన ఆ గాలిని చూసి "పెట్రోలు చాలలేదు" అని చెబుతుంది. యంత్రం ఇంకా పోస్తుంది. పెట్రోలు మిగులుతుందని మొదలుపెట్టిన పని అక్కడ తేలుతుంది. పాత కార్బొరేటరు బండిలో అయితే దీనికి విరుద్ధం. పొగ సులభంగా పోతుంది, జెట్టు మాత్రం పాతదే. మిశ్రమం పలచనై ఇంజను కాగుతుంది, గొట్టం నీలం తిరుగుతుంది, వేగం తగ్గించినప్పుడు టపటపమంటుంది.

ఆ తేనెపట్టు దిమ్మ మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాల పూత ఉంటుంది. అందుకని కొత్త గొట్టం బిగించిన చోట "పాతది ఇక్కడే వదిలేయండి, ఇనుపసామాను వాడికి వేస్తాము" అని మర్యాదగా అంటే అది మర్యాద కాదని గ్రహించండి. మీ వస్తువు మీ ఇంటికి తెచ్చుకోండి.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ విభాగం ఉన్నది. తయారీదారు ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చరాదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. శబ్దానికీ పొగకూ 190వ విభాగం రెండవ ఉపవిభాగం ఉన్నది: మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ, లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. మోటారు సైకిళ్లకు తయారీ దశలో శబ్ద పరిమితి 80 సి.సి. లోపు బండికి 75 డెసిబెళ్లు, 175 సి.సి. వరకు 77, ఆపైన 80. మూడు డెసిబెళ్ల తేడా ఏమిటిలే అనుకోకండి. ఆ కొలతలో పది పెరిగితే శబ్దపు శక్తి పది రెట్లవుతుంది. విశాఖపట్నంలోను, హైదరాబాదులోను పోలీసులు ఊడబీకిన గొట్టాలను రోడ్డు మీద పరిచి రోలరు కింద తొక్కించారు. కొన్నవాని డబ్బు చప్పిడి రేకయింది.

జరిమానా కన్నా మాకు కలత కలిగించేది వేరొకటి ఉన్నది. వ్యాను, జీపు ఉన్న ఇళ్లవారు శ్రద్ధగా చదవాలి. నేల కింద పొగగొట్టం అతుకు వదులైతే పొగ లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, వాంతి, నిద్ర. పిల్లలు వెనక సీటులో పడుకున్నారని మనం సంతోషిస్తాము. పెళ్లికో తీర్థానికో రాత్రి ప్రయాణం పెట్టుకున్నప్పుడు కిటికీలు బిగించి, చలి యంత్రం వేసి, నిలిపిన బండిలో ఇంజను నడుస్తుండగా నిద్రపోవడం ఎప్పుడూ మంచిది కాదు. గొట్టానికి కొత్తగా పని చేయించినప్పుడు అసలే పనికిరాదు.

కడత్తూరు పెద్దమనిషికి మా సలహా ఇది. గొలుసూ రెండు పళ్లచక్రాలూ అరిగి ఉంటే, తయారీదారు చెప్పిన పళ్ల లెక్కకే, నమ్మకమైన జత కొనివ్వండి. సైలెన్సరుకు డబ్బు ఇవ్వకండి. మిగిలిన డబ్బుతో వెనక టైరు, బ్రేకు పట్టీలు చూడమనండి. అబ్బాయి చిన్నబుచ్చుకుంటే, ఈ లెక్కలు వానికే చదివి వినిపించండి. ఉద్యోగం చేసే కుర్రవాడు, కూడికలూ తీసివేతలూ అర్థం కాకపోవు.

అసలు గొట్టమే తుప్పు పట్టి చిల్లులు పడిన వారున్నారు. వారికి మార్చక తప్పదు. తయారీదారు రకమే తీసుకోండి. ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాతనే విప్పించాలి. తల దగ్గరి బోల్టులు ఏళ్ల తరబడి కాగి ఉంటాయి. బలవంతం చేస్తే తెగుతాయి. తెగిన ముక్కను అల్యూమినియం తలలో నుంచి తీయడం గొట్టం ధర కన్నా ఎక్కువ ఖర్చు. ముందు రోజు రాత్రి చొచ్చుకుపోయే నూనె వేసి ఉంచితే చాలా మేలు. గొట్టం తలకు ఆనే చోట మెత్తని లోహపు వలయం ఒకటి ఉంటుంది. అది ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు, కొత్తది వేయించండి. బోల్టులన్నీ ముందు చేతితోనే వదులుగా ఎక్కించి, గొట్టం తన చోట తాను కూర్చున్నాక తల వైపు నుంచి మొదలుపెట్టి, రెండు నట్లను మార్చి మార్చి బిగించాలి. వెనక కొక్కెం ముందే బిగిస్తే గొట్టం వంకరగా లాగబడి, కొన్నాళ్లకు అతుకు దగ్గర చీలుతుంది.

బిగించాక గొట్టం మీద నూనె చేతి గుర్తులు శుభ్రంగా తుడిచిన తర్వాతనే ఇంజను వేయండి. లేకుంటే ఆ వేళ్ల ముద్రలు క్రోమియంలో కాలి, బండి ఉన్నన్నాళ్లూ ఉంటాయి. ఇంజను వేసిన వెంటనే, గొట్టం కాగక ముందే, అతుకు దగ్గర చేయి దగ్గరగా పెట్టి చూస్తే పొగ కారేది తెలుస్తుంది. తర్వాత చల్లారనిచ్చి నట్లు మళ్లీ ఒకసారి బిగించాలి. గొలుసు కూడా అంతే. కొత్త గొలుసు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సాగుతుంది. వదులు మళ్లీ కొలిచి, వెనక ఇరుసుకు రెండు పక్కల ఉన్న గీతలు సమానంగా ఉన్నవో లేదో చూసి బిగించాలి.

బ్రేకు పట్టీలు ఎప్పుడు మార్చాలో చాలామంది అడిగారు. వచ్చే నెల ఆ సంగతి వ్రాస్తాము.